తెరుచుకోని గాజుల ఫోటోలు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళి టీ పెట్టుకునే రకాన్ని. పైగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా చెడిపోతే దానికో కారణం ఉంటుంది, అది దొరికేదాకా వెతకాలి, అంతే. ఇప్పుడు చెప్పబోయే దానికి మాత్రం నాకు కారణం దొరకలేదు. ఆ మాట ఒప్పుకోవడానికే ఇన్నాళ్ళు పట్టింది.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు ఫోటోలు తీస్తాను. బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఏదైనా సరే. మొన్న ఎండాకాలంలో హారిక అనే అమ్మాయి సీమంతానికి పిలిచారు. ఓక్ ట్రీ రోడ్డులో ఒక రెస్టారెంట్ పైనున్న హాల్లో ఫంక్షన్.

హారికకి తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది పెద్దమ్మ. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లకి పురుడు పోయడానికి విజిటర్ వీసా మీద గుంటూరు నుంచి వచ్చింది. ఈ సంగతులన్నీ హారికే నాకు ముందు చెప్పి, "అక్కా, మా పెద్దమ్మతో నాకు మంచి ఫోటో ఒక్కటి కావాలి. నా పెళ్ళి ఆల్బమ్‌లో ఆవిడ ఒక్క దాంట్లో కూడా లేదు" అంది. పెళ్ళంతా ఆవిడ గదిలోనే కూర్చుందని, మండపం దగ్గరికి రానే లేదని ఈ పిల్లకి కోపం. మూడేళ్ళుగా ఆ మాట మీద సాధిస్తూనే ఉందట. ఆవిడ నవ్వి ఊరుకునేదట.

ముత్తైదువలు వరసగా వచ్చి గంధం రాసి గాజులు తొడుగుతున్నారు. పెద్దమ్మ మాత్రం వెనకాల వంటకాల ట్రేల దగ్గర నిలబడి ఉంది. ఉన్నట్టుండి హారిక, "పెద్దమ్మా, నువ్వు రా" అని పిలిచింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఈ పిల్ల ఆ నిండు పొట్టతో కుర్చీలోంచి లేచి, వెనక్కి నడిచి, ఆవిడ ముందు చెయ్యి చాపింది. పెద్దమ్మ ఒక్క ఆకుపచ్చ గాజు తీసి తొడిగింది. నేను ఆపకుండా ఫోటోలు తీస్తూనే ఉన్నాను.

నాలుగు రోజులకి హారిక అత్తగారు రాజ్యలక్ష్మి ఆంటీ ఫోన్ చేసింది.

"వసుధా, ఒక్క చిన్న పనమ్మా. గాజుల ఫోటోల్లో వాళ్ళ పెద్దమ్మ ఉంది చూడు, ఆవిణ్ణి తీసేసెయ్. ఇప్పుడన్నీ ఒక్క క్లిక్‌లో అయిపోతాయట కదా. మాకేం పట్టింపుల్లేవు, తప్పుగా అనుకోకు. పుట్టబోయే బిడ్డ ఆల్బమ్ కదా అని."

ఛీ అనిపించింది. పురుడు పోయడానికి పనికొచ్చే చెయ్యి గాజు తొడగడానికి పనికిరాదట! కాదంటే ఆవిడ ఇంకెవరితోనైనా చేయిస్తుంది, అసలు ఫోటో హారిక దాకా చేరకుండానూ చేస్తుంది. అందుకని "చూస్తాను ఆంటీ" అని పెట్టేశాను. ఆవిడ అడిగినవి ఆవిడకిచ్చి, అసలువి హారికకి విడిగా ఇద్దామనుకున్నాను.

శనివారం పొద్దున టిఫిన్ తిని కూర్చున్నాను. నేను తీసేవి రా ఫైళ్ళు, అంటే కెమెరా చూసింది చూసినట్టు దాచుకునేవి. వాటిని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రంగూ వెలుతురూ సరిచేసి, మామూలు ఫోటోలుగా మార్చాలి. హాలు, అలంకరణ, హారిక, వచ్చినవాళ్ళు, అన్నీ తెరుచుకున్నాయి. గాజుల ఫోటో దగ్గరికి రాగానే ఫైల్ చెడిపోయిందనో, ఈ రకం తెరవలేననో ఒక మెసేజ్ వచ్చింది. దాని పక్కది నొక్కాను. అదే మెసేజ్.

మొదట నేను కంగారు పడలేదు. కెమెరా కొత్తది, సాఫ్ట్‌వేర్ పాతదైతే అప్పుడప్పుడు కొన్ని ఫైళ్ళకి ఇలా అవుతుంది. అప్‌డేట్ చేశాను. కార్డ్ రీడర్ మార్చాను. కార్డులోంచి మళ్ళీ కాపీ చేసుకున్నాను. వేరే ఫార్మాట్‌లోకి మార్చి చూశాను. మా ఆయన ల్యాప్‌టాప్ లాక్కుని అందులోనూ పెట్టి చూశాను. లాభం లేదు. ఫైల్ సైజులన్నీ సరిగ్గానే ఉన్నాయి. కెమెరా వెనక స్క్రీన్ మీద ఆ ఫోటోలు చక్కగా కనబడుతున్నాయి. అదేం సాక్ష్యం కాదు లెండి. ప్రతి రా ఫైల్‌లోనూ ముందే తయారైన బొమ్మ ఒకటి ఉంటుంది, కెమెరా చూపించేది దాన్నే.

మధ్యాహ్నానికి గాని నాకు వెలగలేదు. తెరుచుకోనివి పెద్దమ్మ గాజు తొడుగుతున్నవి మాత్రమే. అదే కార్డు, అదే కెమెరా, వాటికి ముందువీ వెనకవీ బాగున్నాయి. ఇంకా విచిత్రం, ఆవిడ ట్రేల దగ్గర నిలబడిన ఫోటోలు హాయిగా తెరుచుకున్నాయి. వాటిలోంచి తీసేయమని ఆంటీ అడగలేదు. వంటల దగ్గర ఆవిడ ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు మరి!

టెక్సాస్‌లో ఇర్వింగ్‌లో ఉండే కిరణ్ నాతోపాటు ఎమ్మెస్ చదివాడు. వాడిది పెళ్ళి ఫోటోల వ్యాపారం. ఫైళ్ళు పంపి ఫోన్ చేశాను. అవతల టకటకా నొక్కిన చప్పుడు వినబడింది.

"మంచిగనే ఓపెన్ అయినయ్ గదా. నీ సిస్టమ్‌ల ఏమో ఉంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. సరే అయితే, ఆ కుడిపక్కనున్న ఆవిణ్ణి నువ్వే తీసేసి పంపు అన్నాను. కాసేపటికి వాడే ఫోన్ చేశాడు. ఆవిడ చుట్టూ గీత గీయబోయేసరికి సాఫ్ట్‌వేర్ మూతపడిందట. మళ్ళీ తెరిస్తే ఆ ఫైల్ తెరుచుకోలేదు. ఇంకోటి తీసుకుంటే దానికీ అంతే.

"ఏందే ఇది? నా దగ్గర గిట్ల ఎప్పుడు గాలే. ఆ పెద్దమనిషి ఎవలు?"

చెప్పాను. ఎవరు తీయమన్నారో, ఎందుకు తీయమన్నారో అదీ చెప్పాను. వాడు "థూ! ఇంత దూరమొచ్చి గిదేం బుద్ధే? నాతోని గాదు, నువ్వు గూడ ముట్టకు" అని పెట్టేశాడు. పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతోంది, పక్కింట్లో గడ్డి కోస్తున్నారు. నాకు మాత్రం చేతుల మీద రోమాలు లేచాయి.

ఆ సాయంత్రం ఆంటీకి ఫోన్ చేసి, నావల్ల కాదని చెప్పేశాను. ఆవిడ మూతి ముడవడం నాకు ఫోన్‌లోనే కనబడింది.

"అయితే ఆ ఫోటోలు డిలీట్ చేసెయ్" అంది.

డిలీట్ చేయను, అవి హారికవి అన్నాను.

మర్నాడు హారికని రమ్మన్నాను. వాళ్ళత్తగారు అడిగింది ఫోన్‌లోనే చెప్పేశాను, దాచి ఉంచితే నాకు అన్నం సహించేలా లేదు. పెద్దమ్మని వెంటబెట్టుకొని వచ్చింది. ఫైళ్ళు తెరుచుకోవట్లేదని చూపిద్దామని ఆ మెసేజ్ కోసమే గాజుల ఫోటో నొక్కాను.

ఫోటో తెరుచుకుంది. పక్కదీ తెరుచుకుంది. అన్నీ తెరుచుకున్నాయి. వెలుతురు సరిచేశాను, రంగు సరిచేశాను, ఏ ఇబ్బందీ లేదు. అదే ల్యాప్‌టాప్, అవే ఫైళ్ళు, నిన్నటి నుంచి నేను దేన్నీ ముట్టుకోలేదు. హారిక నోటి మీద చెయ్యి పెట్టుకొని ఏడుస్తోంది.

పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. తర్వాత మామూలుగా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నట్టు, నన్నడిగింది.

"ఇందులో నన్ను ఉంచేశారేమ్మా?"

"ఉంచేయడమేంటి పెద్దమ్మా?" అంది హారిక.

"నీ పెళ్ళప్పుడు తీసేశారుగా. తలంబ్రాలప్పుడు నీ వెనకే నించున్నా. కొంగు జారిపోతుంటే సర్దింది నేనేగా. ఫోటో అబ్బాయి అప్పుడే చూపించాడు కూడా, బాగా పడ్డావమ్మా అని. ఆల్బమ్ వచ్చాక చూస్తే నా చోట అరటిచెట్టు ఉంది."

పెళ్ళికి రాలేదని మూడేళ్ళు తను సాధించిన మనిషి ఆ రోజు తన వెనకాలే నిలబడి ఉందట! మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని హారిక అరిచింది.

"చెప్తే నీకూ మీ అత్తగారికీ గొడవ. నేను రాలేదనుకుంటే నా ఒక్కదాన్నే తిడతావు, పోనీలే అనుకున్నా" అంది ఆవిడ.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. ఎవరి మీద కక్కాలో తెలియనంత రోత పుట్టింది నాకు.

గాజుల ఫోటో ఇప్పుడు హారిక వాళ్ళ హాల్లో, సోఫా పైన, గోడంత ఉంది. ఫైళ్ళు ఎందుకు అలా చేశాయో ఇప్పటికీ నాకు తెలియదు. కిరణ్‌కీ తెలియదు. అడిగిన ప్రతివాళ్ళూ ఏదో ఒక కారణం చెబుతారు, ఒక్కటీ అతకదు. ఏదో శక్తి అడ్డుపడిందని మా అమ్మ అంటుంది. పడితే పడింది, సంతోషం. మరి ఆ పెళ్ళి ఆల్బమ్ చేసిన రోజున అది ఎక్కడ చచ్చింది?