చెరి సగం నవల

మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునేది అబద్ధం. నేను కోపంతో నవల చింపలేదు.

ఇవాళ పుస్తకప్రియుల గ్రూపులో "ఏం చదువుతున్నారు?" అని అడిగితే, అరలోంచి ఆ సగం నవల తీశాను. శామీర్‌పేటలో చిన్నప్పుడు నేనూ పక్కింటి యాదమ్మా దానికోసం కొట్లాడుతుంటే అరిచింది మా అవ్వే: "ఏందే గీ లొల్లి? చెరి సగం పంచుకోండ్రి!"

నవలను మధ్యకు చింపి, జామకాయలాగే పంచుకున్నాం. మొదటి సగం నాకు, చివరి సగం దానికి.

"నా దాంట్ల హీరోయిన్ను పెండ్లి జేస్కుంటమని ఇద్దరు ఎంటవడ్డరే."

"నా దాంట్ల గామెకు పిల్లలు గూడ ఉన్నరు!"

"ఎవలిని జేస్కుందే?"

"జెప్ప. సగాలు మార్చుకున్నంక నువ్వే సదువుకో."

మార్చుకోకముందే యాదమ్మ వాళ్ల నాయినకు ఫ్యాక్టరీలో పని దొరికి సూరారం వెళ్లిపోయారు. నవల చింపినందుకు దెబ్బలు నాకు మిగిలాయి. అవ్వ చెప్పినట్టే పంచుకున్నాను, తప్పని ఇప్పటికీ ఒప్పుకోను. గ్రూపులో "సగం నవల" అనే రాశాను, నవ్వితే నవ్వనీ.

యాదమ్మా, ఇంతకీ ఎవలిని జేస్కుందే?