గుడ్డు ముట్టని ఏడాది

మొన్న ఆదివారం బజారు నించి తెచ్చిన కోడిగుడ్లు ఫ్రిజ్జులో సర్దుతూ, ఒక్కోదాన్నీ తడిగుడ్డతో తుడిచి అటూ ఇటూ తిప్పి చూస్తుంటే నా చెయ్యి అలాగే ఆగిపోయింది. అప్పుడప్పుడూ ఇలా అవుతూనే ఉంటుంది. ఇప్పుడు మేముంటున్న సీతమ్మధార ఇంట్లో మా వాళ్ళు దీన్ని వయసు కింద జమకట్టేస్తారు గానీ, అసలు సంగతి పాతికేళ్ళ నాటిది, అందులో నేను చేసిన తప్పొకటి ఉంది, నా ఈడువాళ్ళతో చెప్పుకుంటే నాకూ కాస్త తేలికవుతుంది.

మాది గోదావరి జిల్లా. మా వారికి పోర్టులో ఉద్యోగం కావడంతో మల్కాపురంలో కాపురం పెట్టాం. తొంభైల చివర్లో నన్ను కొండకి అవతల, సముద్రం ఒడ్డునున్న పల్లె బడికి సైన్సు టీచరుగా వేశారు. బస్సు దిగి ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిన బడి అది. మొదటి నెల్లో ఎప్పుడు బదిలీ అవుతుందా అని దేవుళ్ళకి మొక్కుకున్నాను. రెండో ఏటికి బదిలీ చేస్తామంటే నేనే వద్దన్నాను, అంతగా ఆ ఒడ్డు నన్ను పట్టేసింది.

చలికాలం దాటుతుండగా సముద్రపు తాబేళ్ళు ఆ ఇసకలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్ళిపోయేవి. వలలో తాబేలు పడితే ఆ పల్లెవాళ్ళు కూర్మావతారమని పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేవారు. తల్లికి జరిగిన ఆ మర్యాద గుడ్లకి మాత్రం ఎందుకో లేదు. కుక్కలు తవ్వుకున్నన్ని తవ్వుకునేవి, మిగిలినవాటిని మా బడి ఆయా వాళ్ళ అత్తగారు తవ్వేది. డెబ్భై ఏళ్ళ మనిషి, చేతికర్రని ఇసకలో గుచ్చి, అది దిగే తీరు చూసి ఇక్కడ అంటే గుడ్లు అక్కడే ఉండేవి. అవి కూరకి పోయేవి, నడుం నెప్పులకి మంచిదని అడిగి కొనుక్కునేవాళ్ళకీ పోయేవి.

జీవవైవిధ్యం గురించి నల్లబల్ల మీద బొమ్మలేసి చెప్పే నాకు ఇది చూసి ఊరుకోబుద్ధి కాలేదు. ఒక ఏడాది బడి పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి, కుక్కలు సగం తవ్విన గుంటలోంచి నూరుకి తక్కువ కాకుండా గుడ్లు ఏరి, బుట్టలో బడికి తెచ్చాను. మా పుట్టింట్లో కోళ్ళుండేవి, కోడి తన గుడ్లని రోజూ ముక్కుతో తిప్పుకోవడం చిన్నప్పటినించీ చూసినదాన్ని, అందుకని ప్రతి గుడ్డునీ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, బడి వెనక ఇసకలో పాతి, రోజూ పొద్దున్నే పైన ఇసక తీసి ఒక్కోదాన్నీ మెత్తగా తిప్పి మళ్ళీ కప్పేదాన్ని. సైన్సు టీచర్ని కదా, పుస్తకం చూడాలన్న ఆలోచన కూడా రాలేదు, చదవేస్తే ఉన్నమతి పోయిందంటే ఇదే మరి. యాభై రోజులు పోయాయి, అరవై పోయాయి. ఆ తరవాత తవ్వితే వచ్చిన వాసనకి పిల్లలు ముక్కులు మూసుకుని పారిపోయారు. నేను ఆ గుంట పక్కన కూలబడి ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

కబురు తెలిసి ఆయా వాళ్ళ అత్తగారు వచ్చింది. గుంటలోకి చూసింది, నా మొహం చూసింది.

"కోడిపెట్టవనుకున్నావేటి టీసరమ్మా? పెట్టిన పూటే తియ్యాల, పైనున్న పక్క పైనే ఉండాల. ఆనక కదిపితే సచ్చిపోతాది. మేం తింటే కడుపైనా నిండేది, నువ్వు ఉత్తినే సంపేసినావు."

ఆ మాట ఊరంతా పాకింది. దేవుడి పిల్లల్ని టీచరు చంపేసిందని, అందుకే వలలు ఖాళీగా వస్తున్నాయని గొణుక్కున్నారు. ఊరి పెద్దలు పిలిచి, ఇకమీదట పిల్లల్ని తాబేళ్ళ జోలికి తీసుకెళ్ళొద్దని గట్టిగా చెప్పారు. నాదెంత మొండితనమంటే, అక్కడే, అందరి ముందూ నా తప్పు ఒప్పుకుని, పని తెలిసిన మనిషి ఊళ్ళోనే ఉండగా నేను ఆవిణ్ణి అడక్కుండా చేశానని, వచ్చే ఏడు ఒక్క గుంట ఆవిడ చేత్తో పెట్టించి చూడమని, అదీ పోతే మళ్ళీ ఆ ఊసెత్తనని అన్నాను. పెద్దలు ముసలమ్మ వంక చూశారు. ఆవిణ్ణి ఎవరైనా ఏదైనా నేర్పమని అడగడం బహుశా అదే మొదలు. ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: గుడ్డుకి నా చెయ్యి తగలకూడదు.

సరేనన్నాను. మళ్ళీ ఏడు ఒకనాడు తెల్లవారగట్ల తాబేలు వెళ్ళిన జాడ ఇంకా ఆరకముందే ఆవిడ గుంట పట్టుకుంది. ఒక్కో గుడ్డునీ ఉన్నదున్నట్టు, పక్క మారకుండా ఎత్తి, అలలు అందని చోట మోచెయ్యి దిగేంత లోతున, మూతి సన్నం, పొట్ట వెడల్పు ఉండేలా కుండలాంటి గుంట తీసి, అందులో పెట్టి తాబేలు తవ్విన ఇసకనే తెచ్చి కప్పింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నించున్నాను.

పని అక్కడితో అయిపోలేదు, కుక్కలనించి కాపాడాలి. తెప్పలు ఒడ్డుకి వచ్చేదాకా ఆ పల్లె ఆడవాళ్ళు తట్టలు పక్కన పెట్టుకుని ఇసకలో కూచుని కబుర్లాడుకోవడం ఎప్పటినించో ఉన్న అలవాటే. మా ఆయా ఆ ఆడవాళ్ళని బతిమాలి, ఆ కూచునేదేదో గుంట చుట్టూ కూచునేలా చేసింది. చిరిగిన వలలు కట్టి మగవాళ్ళు దడి వేశారు. తెప్పలు వచ్చి ఆడవాళ్ళు చేపల వేలంపాటకి లేచాక బడి పిల్లలు, సాయంత్రం వలలు బాగుచేసుకునే ముసలివాళ్ళు, ఇలా వంతులు వాటంతటవే కుదిరిపోయాయి. నేను సెలవుల్లో కూడా మల్కాపురం నించి మొదటి బస్సుకి వెళ్ళేదాన్ని. మా వారు ఇంట్లో పొయ్యి వెలిగించడం నేర్చుకున్నది ఆ రోజుల్లోనే.

నలభై తొమ్మిదో రోజున వెళ్ళేసరికి ముసలమ్మ ఇసకకి చెవి ఆనించి పడుకుని ఉంది. గుంట మీద ఇసక కాస్త కుంగింది. ఆ గుంటలో నా పరువొక్కటే కాదు, ఆ తీరాన ఇకమీద పెట్టబోయే గుడ్లన్నీ ఉన్నాయి. కాసేపటికి ఇసక కదిలింది. ఒక నల్లటి తల, దాని వెనక మరొకటి, ఆపైన లెక్కపెట్టలేకపోయాను. కాకులు దిగుతుంటే ఆడవాళ్ళు కొంగులు ఊపుతూ, తట్టలు బాదుతూ సముద్రం దాకా రెండు వరసలు కట్టారు. ఒక్క తాబేలు పిల్ల మాత్రం దారి తప్పి, ఇంకా ఆర్పని వీధి దీపం వెలుగు చూసి ఊరివైపు తిరిగింది. నా చెయ్యి ముందుకి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేసింది. ముసలమ్మ అది చూసింది.

"ముట్టుకో టీసరమ్మా, ఇంకేటీ అవదు."

అరచేతిలో అది కాళ్ళు కొట్టుకుంటుంటే తీసుకెళ్ళి నీటి అంచున వదిలాను.

ఆ తరవాతి ఏళ్ళలో పల్లె ఆ పనిని వదల్లేదు, ముసలమ్మ పోయేదాకా కర్ర పట్టుకుని గుంటలు చూపిస్తూనే ఉంది, తవ్వి అమ్మడం ఎప్పుడు మానేసిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇప్పుడు అక్కడ ఇనప కంచె ఉంది, బోర్డు ఉంది, జీతానికి కాపలా మనిషి ఉన్నాడు. మంచిదే, కాదనను. తాబేలు పిల్లల్ని వదిలే రోజున పట్నంలోంచి కార్లేసుకుని వచ్చి ఫోటోలు తీసుకుంటారు. కానీ చేపల పాట హార్బరుకి వెళ్ళిపోయింది, తెప్పలు తగ్గిపోయాయి, తెల్లవారగట్ల ఒడ్డున కూచునే ఆడవాళ్ళే లేరు. మా ఆయా ఇప్పుడు ఆ టైముకి అపార్ట్‌మెంటులో గిన్నెలు తోముతుంది. కంచెకి బయట, దూరంగా పెట్టిన గుడ్లు మళ్ళీ కుక్కల పాలవుతున్నాయని ఫోనులో చెప్పి బాధపడింది.

ఈ జనవరికి గుడ్ల కాపలాకి సెలవు పెట్టమని ఆయాతో అన్నాను. నవ్వింది, మోకాళ్ళ నెప్పులతో ఇసకలో ఎలా కూచుంటారండీ అంది. కుర్చీ తెచ్చుకుంటానన్నాను. ఇద్దరం సరిపోమని నాకూ తెలుసు, ఆ ఒడ్డుకి ఊరంతా కావాలి. కానీ అప్పుడు కూడా మొదలుపెట్టినప్పుడు ముసలమ్మా నేనూ, ఇద్దరమే.