షిఫ్టు బస్సులో చేపల గంపలు

1979 జూన్‌లో నన్ను కర్మాగారం పర్సనల్ విభాగంలో సహాయ సంక్షేమాధికారిగా వేశారు. అంతకుముందు ఎనిమిదేళ్లు టైమ్ ఆఫీసులో హాజరు కార్డులు చూశాను. నాకంటే రెండేళ్లు వెనక చేరినవాడికి అదే ఉత్తర్వులో సీనియర్ గ్రేడు ఇచ్చారు. దాని మీద నేను పెట్టిన అర్జీకి ఈనాటికీ జవాబు లేదు. ఆ సంగతి ఇక్కడికి ఆపుతాను.

మాది భారీ విద్యుత్ యంత్రాలు, వాటి నియంత్రణ పరికరాలు తయారుచేసే పెద్ద సంస్థ. విశాఖ ఊరికి పడమట, గోపాలపట్నం దాటాక ఉండేది. సంస్థకు చుట్టుపక్కల జనం పట్ల సామాజిక బాధ్యత ఉందన్న మాట అప్పుడప్పుడే ప్రధాన కార్యాలయం సర్క్యులర్లలోకి వస్తోంది. ప్రతి యూనిట్టూ ఏడాదికోసారి తాను చేసిందేమిటో నివేదిక పంపాలి. మా యూనిట్టు బడికి బల్లలిచ్చేది, కళ్ల పరీక్షల శిబిరం పెట్టేది. అధికారుల భార్యల మహిళా సమితి కుట్టుమిషన్లు పంచేది. అందులో సగం మిషన్లు మూలన పడి ఉండటం నేను స్వయంగా చూశాను. ఎవరికి ఏం కావాలో ముందుగా అడిగే అలవాటు మాకు లేదు.

నేను అడిగింది నూకరత్నాన్ని. ఆవిడ గోపాలపట్నంలోని మా క్వార్టర్లకు చేపలు తెచ్చేది. యాభై దాటిన మనిషి, మోకాళ్లు అప్పటికే పాడయ్యాయి. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాటలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని బయలుదేరేది. నీళ్లు కారతాయని, వాసనని సిటీ బస్సు కండక్టర్లు ఎక్కించుకునేవారు కాదు. కాన్వెంట్ జంక్షన్ దాకా నడక, అక్కడ లారీ దొరికితే లారీ, లేకపోతే మళ్లీ నడక. గోపాలపట్నం చేరేసరికి ఎండెక్కి చేప మెత్తబడేది. మెత్తబడిన చేపను మా కాలనీ ఇల్లాళ్లు ముట్టుకునేవారు కాదు. మీకేం కావాలని అడిగితే ఆవిడ ఆలోచించకుండా చెప్పింది. “కుట్టుమిసను నాకేటికి బాబూ? పొద్దున్న మీ బస్సు కాళీగా ఎల్లిపోతాది గదా. అందులో ఓ మూల సోటియ్యి.”

నిజమే. రాత్రి షిఫ్టు వాళ్లను వన్‌టౌన్‌లో దింపే బస్సు, జనరల్ షిఫ్టు వాళ్లను ఎక్కించుకోవడానికి గోపాలపట్నం దాకా ఖాళీగా వచ్చేది. హార్బరు గేటు ఆ దారికి పక్కనే.

పద్ధతి ప్రకారం నోటు పెట్టాను. మా దగ్గర ఏ పనికైనా కింది అధికారి కారణాలు రాసి ఫైలు పైకి పంపాలి, దాని మీద సంబంధిత విభాగాలు అభిప్రాయం రాయాలి. రవాణా అధికారి మూర్తి గారు ఫైలు మీద ఏమీ రాయకుండా నన్ను పిలిపించారు. మన బస్సుల పర్మిట్టు ఉద్యోగులను చేరవేయడానికే, బయటివాళ్లను ఎక్కిస్తే పర్మిట్టూ చెల్లదు, ప్రమాదం జరిగితే బీమా కూడా రాదు అన్నారు. ఫైలు నా చేతికిచ్చి, నోటు వెనక్కి తీసుకోండి, డ్రైవరుతో నేను నోటిమాటగా చెబుతాను అన్నారు. మా పర్సనల్ మేనేజరు కూడా అదే చెప్పారు. “నడిచినన్నాళ్లు నడవనివ్వండి. కాగితం మీదకు మాత్రం తేవద్దు.”

అలా మొదలైంది. పదకొండు మంది ఆడవాళ్లు. షీట్‌మెటల్ షాపులో తుక్కురేకుతో గంపకొకటి చొప్పున అంచున్న పళ్లేలు చేయించాను, నీళ్లు కారకుండా. గోపాలపట్నంలో దిగగానే వాళ్లే ఫినాయిల్ వేసి వెనక సీట్ల కింద కడిగేవారు. మొదటి వారం నేనూ ఆ బస్సులో వచ్చాను. డ్రైవరు అప్పలస్వామి ముక్కుకు తువ్వాలు కట్టుకుని నడుపుతుంటే నూకరత్నం వెనకనుంచి, “ఏటి బావా, కొత్త పెళ్లికూతురిలాగ ముసుగేసుకున్నావ్?” అంది. బస్సంతా నవ్వారు. అప్పలస్వామి తిరిగి చూడకుండానే, “నీ సేపలు నన్ను సూసి సిగ్గుపడతన్నాయని యేసుకున్నాను” అన్నాడు. వారం తిరిగేసరికి తువ్వాలు పోయింది, రోజూ అతని సీటు పక్కన ఆకులో చుట్టిన రెండు చేపలు ఉండేవి. జనరల్ షిఫ్టు వాళ్లు కొన్నాళ్లు వాసన గురించి సణిగారు. తాజా చేప ఏడున్నరకే గుమ్మంలోకి వస్తుంటే వాళ్ల ఇళ్లలోనే ఆ సణుగుడు ఆపించారు.

రెండున్నరేళ్లు నడిచింది. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన పని అంటే అదే.

1982లో వార్షిక నివేదిక అచ్చయింది. సామాజిక బాధ్యత పుటలో పెద్ద ఫోటో. జనరల్ మేనేజరు గారి సతీమణి నూకరత్నానికి కొత్త గంప అందిస్తున్నారు. కింద, మహిళా సమితి చొరవతో మత్స్యకార మహిళలకు సహాయం అని ఒక్క వాక్యం. బస్సు మాట లేదు, నా పేరు లేదు. ఫోటో అంచున ఒక మోచెయ్యి ఉంది. చొక్కా చారలను బట్టి అది నాదేనని గుర్తుపట్టాను. ఆ గంపలు పంచిన సభలో రెండో వరసలో కూర్చున్న నన్ను లేపి ఆ కుర్చీ సమితి కార్యదర్శి గారికి వేశారు. అదీ మరచిపోలేదు.

ఊరుకోవడం నా వల్ల కాలేదు. నాలుగు పుటల నిరసన లేఖ రాశాను. టైమ్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి, రుజువులు లేకుండా రాయను. బస్సు నంబరు, ఏ తేదీ నుంచి నడుస్తోంది, ఎవరి నోటిమాట మీద, రేకు పళ్లేలు ఏ షాపులో చేయించాను, అన్నీ రాశాను. పదకొండు మంది పేర్లతో జాబితా జతచేశాను. పర్సనల్ మేనేజరు తొక్కిపట్టేస్తారని ఒక ప్రతి నేరుగా ప్రధాన కార్యాలయానికి పంపాను. పర్మిట్టు సంగతి అప్పుడు నాకు గుర్తులేదని చెబితే అబద్ధం. గుర్తుంది. నా మాట నిజమని తేలడమే ఆ రోజు నాకు ముఖ్యమనిపించింది.

మూడు వారాల్లో న్యాయ విభాగం నుంచి ఉత్తర్వు వచ్చింది. కంపెనీ వాహనాల్లో బయటివారిని ఎక్కించడం తక్షణం ఆపాలి, బాధ్యుల సంజాయిషీ తీసుకోవాలి. మూర్తి గారికి ఇంక్రిమెంటు ఆగింది. అప్పలస్వామిని బస్సు నుంచి తీసి యార్డులో ట్రాక్టరు మీద వేశారు. నాకు హెచ్చరిక లేఖ. పర్సనల్ మేనేజరు నన్ను కూర్చోమనలేదు. మీ పేరు వేస్తే ఏం చేశారని అడుగుతారు, బస్సు అని చెబితే ఎవరి అనుమతితో అని అడుగుతారు, అందుకే రెండూ వేయలేదు అన్నారు. అది నిజమో, తర్వాత అల్లిన సమాధానమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బస్సు ఆగిన నాలుగో రోజు నూకరత్నం మా ఇంటికి వచ్చింది. టైము పదిన్నర. గంప దించలేదు.

“కాయితం నువ్వే రాసినావంట గదా బాబూ” అంది.

రాశానన్నాను. నాకు జరిగిన అన్యాయం చెప్పబోయాను. ఆవిడ మధ్యలో ఆపింది.

“ఎవలు బస్సెక్కించినారో మా పదకొండు మందికీ తెల్సు. తెలీనోలెవలికో సెప్పడానికి మా బండి ఆపీసినావు.”

నేను మళ్లీ తెప్పిస్తానన్నాను. ఆవిడ నమ్మినట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. మా ఆవిడ చేపలు తీసుకుంటానంటే, ఇయ్యాల సరుకు బాగోలేదని చెప్పి వెళ్లిపోయింది.

మాట నిలబెట్టుకోవడానికి ప్రయత్నించాను. పర్మిట్టు షరతు మార్చమని రవాణా శాఖకు మూడు దరఖాస్తులు పెట్టించాను. బయటి ప్రయాణికులను ఎక్కించాలంటే ఆ రూటుకు వేరే పర్మిట్టు కావాలి, అది ప్రైవేటు కర్మాగారానికైనా ప్రభుత్వ కర్మాగారానికైనా ఇవ్వడం కుదరదన్నారు. మూడోసారి తిరస్కరించేసరికి 1984 వచ్చింది. అప్పటికి తగరపువలస వైపు నుంచి ఒకతను మోపెడ్ మీద ఐసు పెట్టెతో వచ్చి కాలనీ అంతా పట్టేశాడు. పదకొండు మందిలో కొందరు ఐసు ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచే పనికి చేరారని విన్నాను. నూకరత్నం హార్బరులోనే ఒక మూల కూర్చుని మిగిలిన చిన్న చేపలు ఎండబెట్టి అమ్మేది. ఒకసారి వెళ్లాను. గుర్తుపట్టి, కూర్చోమని పీట చూపించింది. బస్సు గురించి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ నివేదికలో నా పేరు ఉండవలసింది. ఆ అభిప్రాయం మార్చుకోలేదు. కానీ ఈ ఉద్యోగంలోకి వచ్చేవారికి ఒక్క సంగతి చెప్పగలను. సంస్థ చేసే మేలులో కొంత నిబంధనలకు బయట, ఇద్దరు ముగ్గురి నోటిమాట మీద నడుస్తుంది. దాన్ని కాగితం మీదకు తెచ్చే హక్కు మనకు ఉండవచ్చు. తెచ్చే ముందు, ఆ కాగితం వల్ల నడవవలసి వచ్చేది ఎవరో చూసుకోవాలి. నేను చూసుకోలేదు.