మధ్యాహ్నం వరకే మాట్లాడిన వ్యాను

ఈ రోజు పలాసలో నాకౌట్ ఫుట్‌బాల్ పోటీలు. వజ్రపుకొత్తూరు నుంచి మా బడి జట్టును నేనే తీసుకెళ్లాను. వ్యాను మధ్యాహ్నం వరకే మాట్లాడాను. సముద్రం ఒడ్డున ఇసకలో ఆడుకునే పిల్లలు కదా, తొలి మ్యాచ్‌లోనే ఓడి భోజనాల వేళకి ఇంటికొచ్చేస్తాం అనుకున్నాను. డ్రైవర్ అప్పన్న ఆ తర్వాత కొబ్బరికాయల లోడు ఒప్పుకున్నాడు.

తొలి మ్యాచ్ గెలిచారు. రెండోదీ గెలిచారు. భోజనాలు తేలేదు కాబట్టి అరటిపళ్లు కొనిపెట్టాను.

"అప్పన్నా, నీకు లోడుంది కదా, వెళ్లిపో. మేం బస్సులో వస్తాం" అన్నాను.

"ఏటి మాస్టారూ, గెలుత్తంటే ఒగ్గీసి ఎలిపోమంటారా? కాయలు రేపైనా ఎత్తొచ్చు" అంటూ గోల్‌పోస్టు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

సెమీఫైనల్లో ఒక్క గోలుతో ఓడిపోయాం. తిరుగు దారిలో పిల్లలు ఆ గోలు గురించే కొట్లాడుకుంటుంటే, అప్పన్న నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "వచ్చీ ఏడాది బండి సాయంత్రం దాకా మాటాడండి మాస్టారూ. ఓడిపోతే తొందరగా ఎలిపోదాం, దానికేటి?"

వాళ్లకి ఆట నేర్పింది నేనే. ఓడిపోయే టైము పెట్టిందీ నేనే. మీరూ ఎవరికైనా ఇలా మధ్యాహ్నం వరకే బండి మాట్లాడి ఉంటే చెప్పండి, నాకు కాస్త తోడుంటుంది.