మిక్సింగాయన ప్రాసెసరు

మా వీధిలో మా ఆయన్ని అందరూ మిక్సింగాయన అంటారు. పెళ్ళిళ్ళ వీడియోల్లో అక్కర్లేనివి కోసేసి, పాటలు కలిపి ఇవ్వడం ఆయన పని. ముందుగదిలో ఓ పాత కంప్యూటరు ఉంది. ముక్కలన్నీ కలిసి ఒక్క వీడియోగా తయారవడానికి దానికి గంటలు పడుతుంది. దాన్నే మా ఇంట్లో ఉడకడం అంటాం. అది ఉడుకుతున్నంతసేపూ నేను ఇస్త్రీపెట్టె పెట్టకూడదు, ఫ్యూజు పోతుందని. పొయ్యి మీద గిన్నె నయం, మూత తీసి ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు.

మనిషి పనిమంతుడే, కాదనను. ఏదైనా తేల్చి చెప్పమంటే మాత్రం మీనమేషాలు లెక్కపెడతారు.

మా తోడికోడలు మాతోనే ఉంటుంది. నేను అక్కా అంటాను, ఆయనకి వదిన. నిక్కర్లేసుకునే వయసు నుంచి ఆయన్ని పెంచింది ఆవిడే. మా బావగారు పోయి చాలా కాలమైంది. ఆయన ఫోటో ఒకటే ఉంది, అందులో కూడా ఎవరో తిట్టినట్టు బిగుసుకుని కూర్చున్నారు.

మా ఆయన కుర్రతనంలో పనిచేసిన స్టూడియోని మూసేస్తుంటే అట్టపెట్టెలో ఓ టేపు దొరికింది. కెమెరా పట్టుకోవడం నేర్చుకునే రోజుల్లో ఆయన తీసిందే. అందులో బావగారు అక్కకి స్కూటరు నేర్పుతున్నారు. ఆవిడ ముందుకి చూస్తూ నడుపుతోంది, ఆయన వెనక సీటు పట్టుకుని పరిగెడుతున్నారు. కాస్త దూరం పోయాక చెప్పకుండా చెయ్యి వదిలేశారు.

"నేనెక్కడ వెనక్కి చూశాను? చూస్తే పడిపోయేదాన్ని," అంది అక్క, టేపు సంగతి తెలిసిన రోజు. "అప్పుడు ఆ మనిషి మొహం ఎలా ఉందో నాకు తెలీనే తెలీదు. ఒక్కసారి చూపించరా."

అప్పటికే కంటి డాక్టరు చెప్పేశాడు, కంటి నరం దెబ్బతింటోంది, చూపు అంచుల నుంచి తగ్గిపోతుంది, పోయింది తిరిగిరాదు అని. ఆ సంగతి మా ఆయనకీ తెలుసు.

టేపు నిండా గీతలు. బొమ్మ ఊగిపోతోంది, బావగారి మొహం నల్లగా ఉంది. శుభ్రం చెయ్యబోతే కంప్యూటరు రెండడుగులు వేసి నిలబడిపోయినట్టుండేది. దాని బుర్ర, అదే ప్రాసెసరు, మారిస్తేనే గానీ లాభం లేదన్నారు ఈయన. కంప్యూటరు షాపతను, "మీ బోర్డుకి సరిపోయే వాడిన ప్రాసెసరు ఒకటుంది, మీ పనికి చాలండీ," అన్నాడు. వాడినదా, అని ఈయన మొహం చిట్లించారు. కొత్తది కొందామంటే బోర్డు మార్చాలి, బోర్డు మారిస్తే మెమరీ మార్చాలి. గుర్రాన్ని కొందామంటే జీను, సాల కూడా కొనమన్నట్టు. సరే, ధర దిగేదాకా ఆగుదామన్నారు. దిగేసరికి ఇంకోటి వచ్చింది. దాని ధర దిగాలి కదా మరి.

"ముక్కలు ముక్కలుగా వచ్చినా పర్లేదు, పెట్టరా," అనేది అక్క.

"ఉడికీ ఉడకని అన్నం నీకు పెడతానా వదినా? ప్రాసెసరు మార్చనీ."

ఆవిడ నవ్వి ఊరుకునేది. నాకు ఒళ్ళు మండేది. పోనీ నేనే పెట్టి చూపిద్దామంటే ఆ మిషనుని నన్ను ముట్టుకోనివ్వరు. "మీ ప్రాసెసరు ధర తగ్గుతుందేమో గానీ ఆవిడ చూపు పెరగదండీ," అని మొహం మీదే అన్నాను. వచ్చే నెల ఖాయం అన్నారు. ఆ వచ్చే నెల ఎన్నిసార్లు వచ్చిపోయిందో.

అక్క గ్లాసు అందుకోబోయి పక్కన తడుముకోవడం మొదలైంది. ఓ పొద్దున నా చెప్పొకటి, ఆయన చెప్పొకటి వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. ఆటపట్టిస్తోందనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఆ రోజే ఈయన పరిగెత్తుకెళ్ళి ప్రాసెసరు తెచ్చారు. ఏది? షాపతను మొదట చూపించిన ఆ వాడినదే. నేను బట్టలు ఆరేసి వచ్చేలోగా టేపు ఉడికిపోయింది. నేనేమీ అనకుండానే ఆయనే అన్నారు, "పాతదాని మీదైనా రెండు రాత్రులు వదిలేస్తే ఉడికేదే." గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాక, ఆ మనిషిని నేనింకేం తిట్టను? ఏడుపొచ్చింది నాకు.

అక్కని కుర్చీలో కూర్చోబెట్టాం. స్కూటరు చప్పుడు, దాని వెనకే బావగారి గొంతు. "ముందుకి చూడు, ముందుకే చూడు." అక్క మొహం స్పీకరు వైపు తిరిగింది.

"మొహం కనిపిస్తోందట్రా?"

"కనిపిస్తోంది వదినా. చెయ్యి వదిలేశాడు. నవ్వుతున్నాడు. నోరంతా తెరిచి, రెండు చేతులూ పైకెత్తి."

"గీతలు పోయాయా?"

"ఒక్కటి కూడా లేదు."

"గీతలున్నా నవ్వు తెలిసేది కదరా," అంది అక్క. కోపంగా అన్నా బాగుండేది.

మా ఆయన తలెత్తలేదు. వీడియో అయిపోయింది. అక్క చెయ్యి చాపి ఆయన భుజం వెతుక్కుని పట్టుకుంది.

"మళ్ళీ పెట్టు," అంది. "ఈసారి మెల్లిగా చెప్పు. చొక్కా ఏ రంగు?"