వదిన చేతులకు తగిలిన ఎండ

మొన్న మౌంట్ రాస్కిల్‌లో మనవాళ్ళ సరుకుల కొట్టులో కరివేపాకు ఏరుకుంటుంటే, తెలిసినావిడ ఒకరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "మీ వదినగారు ఇంకా ఆ బట్టల్లేని బీచ్‌కి వెళ్తున్నారా ఆంటీ?" అని అడిగింది. ఆ గొంతులో జాలి ఉంది, ఆరా ఉంది, సిగ్గు మాత్రం లేదు. వెళ్తోందనీ, చలికాలం మానేస్తుందనీ చెప్పాను. ఆవిడ కరివేపాకు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

మా అన్నయ్య భార్య నర్సు. పరాయివాళ్ళ ఒళ్ళు కడగడం, తుడవడం ఆమె ఉద్యోగం. తన ఒంటిని మాత్రం అద్దంలో కూడా చూసుకునేది కాదు. పెళ్ళైన కొత్తలో చేతుల మీద బొల్లి మచ్చలొచ్చాయి. బొల్లి అంటదని డాక్టర్లు ఏనాడో తేల్చారు. మనవాళ్ళలో ఇంటికో ఇంజినీరు తయారయ్యాడు గాని ఆ ముక్క ఎవరి బుర్రకూ ఎక్కలేదు. పూర్వజన్మలో పామును చంపిందన్నవాళ్ళు కూడా ఉన్నారు. శివారు టకానినిలో కొత్త ఇల్లు, వాకిట్లో రెండు కార్లు, తలలో తాతలనాటి బూజు. ఆమె వండి తెచ్చిన పులిహోర ప్రతి విందులోనూ గిన్నెలో అలాగే మిగిలిపోయేది. ఇక్కడ నడివేసవైన ఫిబ్రవరి ఎండల్లోనూ వదిన మణికట్టు దాకా చేతులున్న రవికే వేసుకునేది.

ఆమెతో పనిచేసి రిటైరైన ఈ దేశపు కివీ ఆవిడ ఒకామె ఆ బీచ్‌కి రమ్మంది. వదిన తోడుకి నన్ను లాక్కెళ్ళింది. తీరా చూస్తే అక్కడ చూడ్డానికేమీ లేదు. వేలాడే పొట్టలు, ఆపరేషన్ గీతలు, ఫ్లాస్కులో టీ, పేపర్లో పజిల్. పిలిచినావిడకు ఒక రొమ్ము లేదు, ఆ ధ్యాసా లేదు. చీర కట్టుకుని కూర్చున్న నేనొక్కదాన్నే అక్కడ వింత జంతువుని. వదిన చాలాసేపు తువ్వాలు కప్పుకుని కూర్చుంది. తర్వాత తీసి పక్కన పెట్టింది. ఎవరూ తల తిప్పలేదు. ఆ కివీ ఆవిడ మాత్రం క్రీము ట్యూబు అందించి, "ఆ తెల్లచోట్ల బాగా రాసుకో డియర్, ఎండకు త్వరగా కాలతాయి" అంది. ఇన్నేళ్ళలో ఆ మచ్చల గురించి వదిన విన్న మొదటి తెలివైన మాట అదే.

కబురు ఊరి చివరి పాపకూర పేట దాకా పాకింది. వ్రతాల్లో బొజ్జ వేలాడేసుకుని పీటల మీద కూర్చునే పెద్దమనిషి ఒకాయన అన్నయ్యకు ఫోన్ చేసి ఆడదాని మానమర్యాదల మీద ఉపన్యాసమిచ్చాడు. మగవాడి బొజ్జ సంప్రదాయం, ఆడదాని మోచెయ్యి అసభ్యం!

ఆ ఏడే మేనకోడలి సీమంతం. ముందురోజు వదిన వియ్యపురాలు వచ్చి, కాఫీ తాగి, అసలు సంగతి మెల్లగా బయటపెట్టింది.

"ఏమనుకోకండి వదినగారూ, గాజులు తొడిగేటప్పుడు మీరు కాస్త వెనక కూర్చుంటే... కడుపులో బిడ్డ కదా."

ఎప్పటిలా అయితే వదిన తలూపేది. కూతురి చెయ్యి తాకే భాగ్యం కూడా ఊరివాళ్ళ దయకు వదిలేసేది.

"మీ కోడల్ని పుట్టగానే ఎత్తుకున్నవి ఈ చేతులేనండీ," అంది వదిన ఈసారి. "అప్పుడంటనిది ఇప్పుడంటుతుందా? ఇంకాస్త కాఫీ పొయ్యనా?"

మర్నాడు వదిన పొట్టి చేతుల రవికతో వచ్చింది. ముత్తైదువలు పసుపు గిన్నె పట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే, మేనకోడలు రెండు చేతులూ చాచి, "మమ్, యూ ఫస్ట్" అంది. వదిన మచ్చల చేతులతో కూతురికి గాజులు తొడిగింది. హాల్లో పిడుగేమీ పడలేదు. పుట్టిన మనవరాలు నిక్షేపంగా ఉంది, రోజూ ఆ చేతి ముద్దలే తింటోంది.

కాలమే అన్నీ మాన్పుతుందని చెప్పేవాళ్ళను నేను నమ్మను. ముప్పై ఏళ్ళ కాలం మా వదినకు పొడుగు చేతుల రవికలు తప్ప ఏమీ ఇవ్వలేదు. మాన్పింది ఆ బీచ్‌లో గడిపిన ఒక్క మధ్యాహ్నం, అదీ ఆమె తువ్వాలు తీసి పక్కన పెట్టాకే.