నోరుజారిన ‘ఊఁ’

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు నా రూమ్మేట్ మునిరత్నం నాకు ట్రేడింగ్ కార్డుల ఆట నేర్పాడు. ఎదుటివాడు దించిన కార్డును ఆపాలంటే వెంటనే అడ్డుకార్డు వేయాలి. సరేనని ఒప్పుకున్నాక వేస్తే చెల్లదు.

హాస్టల్ పోటీలో చివరికి మేమిద్దరమే మిగిలాం. "దీన్ని దించుతా ఉండా, సరేనా?" అన్నాడు. నా కార్డులు చూసుకుంటూ, కథ వింటున్నవాడిలా అలవాటుకొద్దీ "ఊఁ" అన్నాను. ఆ తర్వాత అడ్డుకార్డు తీశాను.

"ఊఁ అన్నావు గదప్పా, ఇంక చెల్లదు."

"మోసం చేస్తా ఉండావు!" అని అందరి ముందూ అరిచాను.

అతను కార్డులు సర్దేసుకుని, "పోనీలే, నువ్వే గెలిచినావు" అన్నాడు.

తప్పు నాదేనని ఆ రాత్రే తెలిసింది. చెప్పలేదు. వారానికి అతను గది మారాడు. పెట్టె పట్టుకుని గుమ్మంలో ఆగి, "పోయొస్తానప్పా" అన్నాడు.

నేను ఫోన్‌లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాను.